నీళ్లు తగ్గినప్పుడు లేచే సైన్యం

చిన్న బొమ్మలకు రంగులేసి బల్ల మీద యుద్ధం ఆడే ఏజ్ ఆఫ్ సిగ్మార్ ఆటలో నైట్‌హాంట్ అని ఒక దెయ్యాల సైన్యం ఉంది. కాళ్లుండవు. చిరిగిన ముసుగులు గాల్లో తేలుతూ వస్తున్నట్టుంటాయి. పెట్టె మీది ఫోటోల్లో అవన్నీ ఆకుపచ్చగా, నీలంగా మెరుస్తుంటాయి. నాకు మాత్రం వాటిని చూడగానే బురదరంగు తోచింది, మా అమ్మవాళ్ల ఊరు గుర్తొచ్చింది. ఆ ఊరిప్పుడు లేదు. శ్రీశైలం జలాశయం కింద మునిగిన వందకు పైగా ఊళ్లలో అదొకటి.

నేనుండేది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో. ఈ ఆటకు మూలమైన వార్‌హామర్‌ను 1983లో తెచ్చిన గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది కాబట్టి బొమ్మలకూ రంగులకూ కొదవ లేదు. నాకు కావాల్సింది కథ. పెట్టె కొనకముందే నోటుపుస్తకం తెరిచాను. ఇప్పటికీ ఎవరైనా అడిగితే అదే చెబుతాను: ముందు కథ రాసుకోండి, రంగులు తర్వాత.

రాసేముందు ఒకటి తేల్చుకున్నాను. మా ఊరి మనుషుల్ని దెయ్యాలను చేయకూడదు. వాళ్లు ఇళ్లు, పొలాలు పోగొట్టుకుని వేరేచోట మళ్లీ మొదటి నుంచి బతికారు. వాళ్ల కష్టం నా ఆటవస్తువు కాదు. అందుకే ఆటలోని ఘైరాన్ లోకంలో ఏటిగడ్డ అనే ఊరిని కల్పించాను. కొలుములకు నీళ్లు కావాలని ఒక రాజు నదికి అడ్డుకట్ట వేశాడు. ఏటిగడ్డ జనం "మేం కదలం" అన్నారు. ఊరు మునిగింది. ఏటా ఎండాకాలం నీళ్లు తగ్గగానే వాళ్లు లేచి, తమ ఊరు తమకిమ్మని అడగడానికి బయల్దేరతారు. ఈ ఊహ శ్రీశైలం జలాశయంలోనే ఉన్న సంగమేశ్వరం నుంచి వచ్చింది. సప్తనదుల సంగమంలోని ఆ గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉంటుంది. మట్టం బాగా పడిపోయినప్పుడు ముందు శిఖరం, తర్వాత గోడలు బయటపడతాయి. జనం పడవల్లో వెళ్లి వేపచెక్క శివలింగానికి దండం పెట్టుకుంటారు.

ఆట పుస్తకాల్లో నైట్‌హాంట్ ఆత్మలు మృత్యుదేవుడు నాగాష్ వేసిన శిక్ష అనుభవిస్తుంటాయి. బతికుండగా చేసిన తప్పే చచ్చాక మెడకు చుట్టుకుంటుంది. ఆ లెక్క నా సైన్యానికి పనికిరాదు. నా వాళ్లు ఏ తప్పూ చేయలేదు, ఇల్లు వదల్లేక ఆగిపోయారు, అంతే. అయితే బొమ్మల చేతుల్లో ఉన్నవన్నీ గొలుసులు, సంకెళ్లు, తాళాలు. వీటినేం చేయాలో తోచలేదు.

ఆ చిక్కు జేజి, అంటే మా అవ్వ, విప్పింది. వీడియో కాల్‌లో స్పిరిట్ టార్మెంట్ అనే బొమ్మను చూపించాను. దాని గొలుసులకు పెద్దపెద్ద తాళంకప్పలు వేలాడుతుంటాయి.

"ఎన్ని తాళాలు పెట్టినావు నాయనా వానికి?" అంది. కాసేపు ఊరుకుని, "మేమూ ఇంటికి తాళమేసే వచ్చినాం. మునిగిపోయే ఇంటికి తాళమెందుకని ఎవురికీ తోచలే" అంది.

ఆ తాళంచెవి ఇంకా ఉందా అని అడిగాను. బీరువాలో ఉందంది.

అక్కడితో నా సేనాపతి దొరికాడు. పేరు తాళాల వీరన్న. నీళ్లు వస్తున్నాయని తెలిసి ఊళ్లో ప్రతి ఇంటికీ తాళం వేసి, తాళంచెవులన్నీ మొలకు కట్టుకుని ఆఖరున మునిగినవాడు. గ్రీన్ స్టఫ్ అనే బంకమట్టి లాంటి ముద్దను సన్నగా సాగదీసి అతని ముసుగు మీద తలపాగా చుట్టాను. ఆ ముద్ద అంటుకోకుండా వేళ్లను నీళ్లతో తడుపుతూ ఉండాలి, మడతలు సూదిమొనతో నొక్కాలి. తాళాలకు ముందు టైఫస్ కరోజన్ అనే రంగు, అది ఆరాక రైజా రస్ట్ అనే తుప్పురంగును పొడిబ్రష్‌తో తేలిగ్గా రుద్దితే ఏళ్ల తరబడి నీళ్లలో నానిన తుప్పు వచ్చింది. ఒక్క తాళాన్ని మాత్రం ఇత్తడి రంగులో ఉంచాను. అది జేజి ఇంటిది.

మిగతావాళ్లు వరసగా వచ్చేశారు. గ్లేవ్‌రెయిత్ స్టాకర్స్ గుంపులో ఒక డోలు వాయించేవాడుంటాడు. వాడు నీళ్లు వస్తున్నాయని దండోరా వేసినవాడయ్యాడు. కొవ్వొత్తి పట్టుకున్న డ్రెడ్‌వార్డెన్ గుళ్లో సందెదీపం పెట్టే ముసలామె అయింది.

రంగుల సంగతి. ముందు నల్ల ప్రైమర్, దాని మీద పైనుంచి మాత్రమే పడేలా రెయిత్‌బోన్ అనే లేత ఎముకరంగు స్ప్రే. నీడలు కింద వాటంతటవే మిగులుతాయి. తోక దగ్గర స్నేక్‌బైట్ లెదర్, పైన స్కెలిటన్ హోర్డ్, రెండూ కాంట్రాస్ట్ రంగులే, అంటే ఒక్క పూతలోనే వెలుగునీడలు వచ్చేవి. ఆ రెండూ తడిగా ఉండగానే మధ్యలో కలిపేస్తే, బురదలోంచి లేస్తూ పైకి పోయేకొద్దీ ఎండిపోతున్నట్టు కనిపిస్తుంది. ఇక్కడి చలికాలంలో స్ప్రే చేయడం టెన్షన్ పని. గాలిలో తేమ ఎక్కువైతే రంగు పొడిపొడిగా రాలినట్టు పడుతుంది. పొడి ఎండ పడే రోజు కోసం కాచుకున్నాను.

నేను మనసు పెట్టింది బేసుల మీద, అంటే బొమ్మలు నిలబడే దిమ్మెల మీద. జలాశయం అడుగు ఎండితే నేల ఎలా పగులుతుందో చూసినవాళ్లకు తెలుసు. పలకలు పలకలుగా విడిపోయి, అంచులు పైకి లేస్తాయి. ఆగ్రెలన్ ఎర్త్ అనే రంగు ఆరుతున్నప్పుడు సరిగ్గా అలాగే పగులుతుంది. మందంగా వేస్తే పెద్ద పలకలు, పలచగా వేస్తే సన్న గీతలు. కింద నున్నటి, మెరిసే వార్నిష్ ఉంటే పగుళ్లు ఇంకా వెడల్పవుతాయి. హీటర్ దగ్గర పెట్టి తొందరపెట్టకుండా రాత్రంతా వదిలేశాను. పొద్దున పగుళ్లలోకి ఆగ్రాక్స్ ఎర్త్‌షేడ్ అనే పలచటి గోధుమరంగు వదిలి, అంచుల మీద లేత రంగు పొడిబ్రష్ చేశాను. కొన్ని బేసుల మీద కార్క్ ముక్కలతో గోడ మొదళ్లు, ఒకదాని మీద బావి గట్టు. వీరన్న కింద గడప ఒక్కటే ఉంది, ఇల్లు లేదు.

అసలు కష్టం చెయిన్‌రాస్ప్‌లతో. సైన్యంలో మామూలు జనం వీళ్లే, గుంపులు గుంపులుగా కావాలి. అదే ముసుగు, అదే తోక, అవే రంగులు, ఆఫీసు నుంచి వచ్చి మళ్లీ అవే. చాలామంది సైన్యాలు ఇక్కడే అటకెక్కుతాయి. నేను దళాలను దళాలుగా చూడటం మానేసి వీధులుగా విడగొట్టాను. తేరు వీధి, బావి వీధి, కుమ్మరి వీధి. వీధికో రంగు అంచు ముసుగు కింద గీశాను. ప్రతి బేసు అడుగున ఆ ఇంటివాళ్ల గుర్తు రాశాను: పాడిగేదె ఉన్నవాళ్లు, కొత్తగా అరుగు కట్టించుకున్నవాళ్లు, కూతురి పెళ్లి పెట్టుకున్నవాళ్లు. ఆట ఆడేటప్పుడు ఆ రాత ఎవరికీ కనపడదు. అయినా పెళ్లివారి ఇంటిని సగంలో వదిలేసి పడుకోబుద్ధి కాలేదు. కుమ్మరి వీధి ఒక్క వారాంతంలో పూర్తయింది.

క్లబ్బులో మొదటిసారి బల్ల మీద దించినప్పుడు ఎదుటి ఆటగాడు తన ఓరక్ రాక్షసుల బొమ్మలను పేర్చుకోవడం ఆపి, ఈ తాళాలాయన ఎవరని అడిగాడు. చెప్పాను. శ్రీశైలం ఎక్కడుందో ఫోన్‌లో చూపించాను. ఆ రోజు ఓడిపోయాను. బావి వీధి మాత్రం చివరి రౌండు దాకా తన చోటు వదల్లేదు.

ఇప్పుడు బల్ల మీద బ్లాక్ కోచ్ అనే దెయ్యాల గుర్రబ్బండి ఉంది. దాన్ని తేరు వీధి రథంగా మారుస్తున్నాను. గుర్రాలు అతికించడం అయింది. జేజికి ఫోటో పంపితే, తేరుకు గుర్రాలేంది, మన ఊళ్లో మోకులు పట్టి మనుషులే లాగేటోళ్లు అంది. అందుకని గుర్రాల పక్కన తాళ్లు పట్టుకున్న చెయిన్‌రాస్ప్‌లను నిలబెట్టబోతున్నాను. మోకులకు మైనం పూసిన నూలుదారం బాగుంటుందా, సన్నటి రాగితీగ మెలేస్తే బాగుంటుందా అని రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.